రబ్బరు గాజులు

పోచంపల్లి,
ఏప్రిల్ 27, 2023

చెల్లె మానసకు,

మా పూజను నీ దగ్గర వదిలి బస్సెక్కాక గాని తెలియలేదు, చెప్పాల్సినదేదీ చెప్పకుండానే వచ్చేశానని. పక్కన మీ బావ కూర్చొని ఉంటే ఏం చెప్పను? ఫోన్ చేద్దామంటే ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, అది ఆయన జేబులో. అడిగి తీసుకున్నా మా అత్త గుర్వమ్మ చెవులు నా వైపే ఉంటాయి. అందుకే ఈ ఉత్తరం. జవాబు మాత్రం మా ఇంటికి రాయకు, ఎదురింటి మల్లమ్మ వదినె పేరు మీద రాయి. ఇంకోటి, నోటితో అయితే మన మాటే వస్తుంది గాని కలం పడితే నాకు బడి మాట వస్తుంది. పది దాకా చదివిన చేయి ఇది, నవ్వుకోకు.

పూజ పడుగు కోసిందని బావ చెప్పాడు కదా, ఎవరి పడుగో చెప్పలేదు. రాంచందర్ సేటుది. మాకు నూలు ఇచ్చేదీ, నేసిన చీరలు తీసుకునేదీ ఆయనే. పూజ చదివే ప్రైవేటు బడి కూడా ఆయనదే. ఇంటికి రాబోయే కోడలి కోసమని చెప్పి మరీ వేయించుకున్న చీర అది. నేను భుజాలు పడిపోయేలా ఆసు మీద నూలు తిప్పి తిప్పి పోశాను, బావ చిటికి కట్టి రంగులు అద్ది మగ్గానికి ఎక్కించి సగం దాకా నేశాడు. ఆ పిల్ల కత్తెర తీసుకొని పడుగును అడ్డంగా కోసేసింది. పోగులు అతికినా బొమ్మ కలవదు, నీకు తెలుసు. బావ కొట్టాడు, నేనూ కొట్టాను. అది ఏడవలేదు. మా ఇద్దరినీ చూస్తూ నిలబడింది, అంతే.

దానికి ముందు బడిలో సురేశ్ సారు చేయి కొరికింది. రక్తం వచ్చిందట. అప్పటి నుంచి బడిలో నోరు తెరవడం మానేసింది, ఇంట్లో పక్క తడుపుతోంది. బంగారం లాంటి పిల్ల మానసా, ఏ గాలి సోకిందో తెలియదు.

సేటు ఏమన్నాడంటే, జూన్‌లో బడి తెరిచిన రోజు ప్రార్థనలో అందరి ముందు నిలబడి సారుకు తప్పైందని చెప్పాలి. చెప్తే మళ్లీ తీసుకుంటాడు, చీర సంగతి కూడా మరిచిపోతాడు. చెప్పకపోతే పిల్లకు బడి లేదు, మాకు నూలు లేదు.

పిల్లలతో ఆడుకుంటే నీకు జీతమిస్తారన్న సంగతి నాయిన పోయేదాకా నమ్మలేదు. నేను నమ్ముతున్నాను. నీ ఆటలేవో ఆడించి, ఆ పిల్ల నోటి వెంట "తప్పైంది సార్" అన్న ఒక్క మాట వచ్చేలా చెయ్యి. అంతకన్నా నాకేం వద్దు.

నీ అక్క,
అండాలు


మహబూబ్‌నగర్,
మే 6, 2023

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఒళ్లు మండింది. జూన్‌లోగా బాగు చేసి పంపడానికి నేను మోటారు మెకానిక్‌ను కాదు. పిల్లల చేత తప్పైందనిపించే పని అసలే చేయను. ఈ ఊళ్లో నన్ను చాలామంది అడిగారు అలాగే. మొండితనం తీసెయ్యి, నోరు మూయించు, చదువు మీదికి మళ్లించు అని. ఒక్కరికీ సరేనలేదు. అక్కవైనంత మాత్రాన నీకు మాత్రం ఎందుకంటాను?

ముందు ఒక సంగతి తెలుసుకో. పూజను ఆడించేది నేను కాదు. సొంత మనుషుల పిల్లల్ని మేం ఆడించకూడదు. ప్రేమ అడ్డం వస్తుంది, కోపం అంతకన్నా ముందు వస్తుంది. నాతో పనిచేసే శ్రీలత ఆడిస్తోంది. దేవరకద్ర దగ్గర రైతుల ఇంటి పిల్ల, మంచి ఓపిక ఉన్న మనిషి.

ఆటగది అంటే నువ్వేం ఊహించుకున్నావో తెలియదు గాని, అది మా కిరాయి ఇంట్లో ముందు గది. ఇసుక తొట్టి ఉంటుంది, మట్టి, రంగులు, చెక్క దిమ్మెలు, రకరకాల బొమ్మలు, దారం, కత్తెర ఉంటాయి. లోపలికి వచ్చిన పిల్లకు శ్రీలత చెప్పే మాట ఒకటే: "నిన్ను నువ్వు కొట్టుకోవద్దు, నన్ను కొట్టద్దు. ఇగ మిగిలినదంత నీ ఇష్టం." ఎందుకని అడగదు, శభాష్ అనదు. పిల్ల చేసేది చూస్తూ, చూసింది మెల్లగా పైకి చెప్తుంది. నీకు మనసు బాగోలేకపోతే మల్లమ్మ వదినె దగ్గర కూర్చొని కడుపులోది వెళ్లగక్కుతావు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయి? అందుకే బొమ్మ చేత చేయిస్తుంది, ఇసుకలో గీస్తుంది. ఆట చాలించమని చెప్పకుండా పక్కన కూర్చునే పెద్దమనిషి ఒకరుంటే చాలు, పిల్లలు తమ దారి తాము వెతుక్కుంటారు. నేను ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

మొదటి రోజు పూజ గడప దాటలేదు. శ్రీలత కూడా గడప దగ్గరే కూర్చుంది. రెండోసారి ఇసుకలో చేతులు పెట్టింది. ఇప్పుడు శ్రీలత వచ్చి చెప్పులు విప్పేలోపే అది ఆ గదిలో ఉంటోంది. నాతో ఇంకా మాట్లాడదు, పక్క కూడా తడుపుతోంది. ఉతుక్కుంటాను, దానికేం.

నిన్న మాత్రం ఒక నవ్వులాట జరిగింది. శ్రీలత వచ్చి, "అక్కా, మీ పూజ సంచిల రబ్బరు పట్టీలు తెచ్చుకుంది. రోజు బొమ్మలకు గట్టిగ చుట్టి కడ్తాంది. ఏంది గిది?" అని అడిగింది. పగలబడి నవ్వాను. రంగు అంటకూడని చోట నూలుకు సైకిల్ ట్యూబు పట్టీలు బిగిస్తారని, దాన్ని చిటికి కట్టడం అంటారని, మా ఊళ్లో పిల్లలు పలక పట్టకముందే ఆ ముడి వేస్తారని గొప్పలు పోయాను. "ఇంటి పని ఆడుకుంటాంది, ఫికర్ చెయ్యకు" అన్నాను. మా వాడకట్టు గురించి ఇంకొకరికి పాఠం చెప్పే అవకాశం నాకు ఎప్పుడొస్తుంది చెప్పు.

సేటుకు చెప్పు, పిల్ల సెలవుల్లో ఉందని.

మానస


పోచంపల్లి,
మే 15, 2023

మానసా,

నీతులు బాగా రాశావు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చునేది మేము కాబట్టి నీకు మాటలు వస్తున్నాయి. మగ్గం ఖాళీగా ఉంది. నూలు ఇవ్వలేదు. మీ బావ పొద్దున లేచి చాయ హోటల్ దగ్గరికి పోయి మధ్యాహ్నం వస్తున్నాడు, ఎవరితోనూ మాట్లాడడు. మా అత్త పిల్లను తీసుకొచ్చి తాయెత్తు కట్టిద్దామని పొద్దూకులు నా ప్రాణం తీస్తోంది.

మొన్న సేటు స్వయంగా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చొని చాయ తాగాడు. మంచిగానే మాట్లాడాడు. "అండాలూ, మీ చెల్లె గా పని చేస్తది గద. పిల్లకు మతి సక్కగ లేదని ఒక కాగితం రాసియ్యమను. గప్పుడు మాఫీ అడుగుడు గిట్ల ఏం అక్కర్లే, మేమే ఇడిసిపెడ్తం. మనోల్లను మనం ఆగం జేసుకుంటమా?" అన్నాడు. మీ బావ ముఖం ఎన్నాళ్లకో కాస్త తేటపడింది.

ఒక్క కాగితం మానసా. అందులో ఏం పోతుంది? పిల్లకు తెలియను కూడా తెలియదు. రెండు నెలలు అయ్యాక అందరూ మరిచిపోతారు, పూజ బడికి పోతుంది, మగ్గం ఆడుతుంది. తప్పైందనిపించడం నీకు ఇష్టం లేకపోతే మానెయ్, ఇదైనా చెయ్యి.

రబ్బరు పట్టీలు సంచిలో పెట్టుకున్నదని రాస్తే నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ కూడా అంతే కదా, చేతుల నిండా రబ్బరు గాజులు వేసుకునేది. బిగుతుగా చుట్టుకొని మణికట్టు మీద ఎర్రగా గుర్తులు పడేవి. బడి నుంచి వచ్చాక చూసి నేను తిట్టేదాన్ని, "గాజులకు గంత శోకెందుకే" అని. ఒక్కోసారి కొబ్బరినూనె రాసేదాన్ని. అన్నం తింటోందా? పెరుగు కలిపితే తింటుంది, కూరలు కలపకు.

కాగితం తొందరగా పంపు.

అక్క


మహబూబ్‌నగర్,
మే 24, 2023

అక్కా,

కాగితం రాయను. పిచ్చిది కాని పిల్లను పిచ్చిదని రాసి, దాని బతుకంతా మోయమని దాని నెత్తిన పెట్టను. సేటు చాయ తాగి వెళ్లిపోతాడు, ఆ కాగితం పోదు. నువ్వు నా మీద అలిగినా సరే, బావ నా గడప తొక్కకపోయినా సరే.

ఇప్పుడు కూర్చొని చదువు. పక్కన ఎవరైనా ఉంటే లేచి అవతలికి పో.

నిన్న శ్రీలత నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. "అక్కా, మీ ఊర్ల చిటికి కట్టినంక ఏం జేస్తరు?" అని అడిగింది. రంగులో ముంచుతారని చెప్పాను. "ముంచినంక?" విప్పుతారన్నాను. అప్పుడు అంది, "పూజ ముంచదక్కా. రంగులు పక్కనే ఉన్నయి, చెయ్యి పెట్టదు. విప్పదు గుడ. ఇన్ని దినాల్ల ఒక్కపారన్న విప్పలే."

వేరే ఊరి పిల్ల ఎవరైనా బొమ్మ చేతులకు రబ్బరు బిగిస్తే నేను మొదటి రోజే లేచి నిలబడేదాన్ని. మన ఇంటి పిల్ల కాబట్టి చిటికి అనుకున్నాను. శ్రీలతకు వచ్చిన అనుమానాన్ని కూడా నేనే నవ్వి చెరిపేశాను.

మిగిలింది రాసే ముందు ఇంకోటి చెప్పాలి. ఆటగదిలో జరిగింది శ్రీలత ఎవరికీ చెప్పదు, ఆ పట్టీలేమిటో అర్థం కాక అడిగింది తప్ప నాకు కూడా. ఇది చెప్పాల్సిందేనని తెలిసి, ముందు పూజను అడిగింది, "మీ చిన్నమ్మకు చెప్పనా?" అని. పూజ తల ఊపింది. అందుకే చెప్పింది.

పూజ చెక్క దిమ్మెలను వరసగా పెడుతుంది, బెంచీల్లాగా. బొమ్మల్ని కూర్చోబెడుతుంది. ఎదురుగా పెద్ద ఎలుగుబంటి బొమ్మ నిలబడుతుంది. ఏ బొమ్మైనా పక్కకు ఒరిగితే ఎలుగుబంటి వచ్చి దాని రెండు చేతులూ దిమ్మెకు కట్టేస్తుంది. ఆ తర్వాత ఆటేమీ ఉండదు. అందరూ అలాగే కూర్చొని ఉంటారు, పూజ కూడా. మొన్న బొమ్మకు బదులు శ్రీలతను కూర్చోబెట్టి, ఆమె చేతుల్ని కుర్చీ కాలికి కట్టింది. కట్టి ఎదురుగా నిలబడి చూసింది. శ్రీలత బొమ్మ గొంతుతో, "నా చేతులు నొస్తున్నయి. నాకు విప్పేటోల్లే లేరు" అంది. పూజ చాలాసేపు కదల్లేదట. తర్వాత కత్తెర తెచ్చి కోసేసింది. కోసి శ్రీలత ఒళ్లో తలపెట్టుకొని ఏడ్చింది. నువ్వూ బావా కొట్టినా ఏడవని పిల్ల.

నువ్వు రబ్బరు గాజులని రాశావు. అక్కా, నిజం చెప్పు. ఆ గాజులు అది వేసుకుంటుండగా నీ కళ్లతో ఎప్పుడైనా చూశావా? లేక బడి నుంచి వచ్చాక గుర్తులు మాత్రమే చూశావా?

మానస


పోచంపల్లి,
మే 30, 2023

చెల్లె,

చూడలేదు. గుర్తులే చూశాను. ఒక్కరోజు కూడా దాని చేతికి రబ్బరు చూడలేదు. మిగతాదంతా నేనే అనుకున్నాను, చిన్నప్పుడు మనిద్దరం వేసుకునేవాళ్లం కదా అని.

నీ ఉత్తరం చదివి మల్లమ్మ వదినె ఇంట్లోనే కూర్చుండిపోయాను. ఆమె మనవడు ఎల్లేష్ పూజ తరగతే. వాడు అక్కడే గోలీలు ఆడుతున్నాడు. సెలవులొచ్చి నెల దాటినా వాడి ఎడమ మణికట్టు మీద నల్లటి గీత ఇంకా ఉంది. "గిదేంది వదినె?" అన్నాను. వదినె తల కూడా ఎత్తకుండా, "ఏమున్నది, రబ్బరు గాజులేసుకుంటరు గద పోరగాల్లు" అంది. అని ఆగింది. చేతిలో ఉన్న నూలు కండె కింద పెట్టింది. "అండాలూ, మగపోరనికి గాజులేందే?" అంది.

వాణ్ని నేనేం అడగలేదు. శ్రీలత ఎందుకని అడగదని నువ్వు రాసిన సంగతి గుర్తుంది. వదినె ఆగలేదు, దగ్గరికి తీసుకొని చేయి నిమిరింది. వాడు గోలీ వైపు చూస్తూనే చెప్పాడు. "కదిలితే కడ్తడు, సురేశ్ సారు. బెంచీకి. బెల్లు గొట్టేదాంక." ఇంట్లో ఎందుకు చెప్పలేదురా అంటే, "అందరికి కడ్తడు గద" అన్నాడు. మళ్లీ గోలీ వేశాడు.

ఆ వాడ మొత్తం తిరిగాను. ఎవరింటికి పోయినా అదే మాట, రబ్బరు గాజులు. వేరే ఊళ్లో తల్లులైతే ఆ గుర్తులు చూసి మొదటి రోజే బడి మీదికి పోయేవాళ్లు. మన ఇండ్లల్లో గోడకు రబ్బరు, దండెం మీద రబ్బరు, మన చేతుల మీదే ఆ గీతలు. పిల్లల చేతుల మీద కనిపిస్తే మనకు వింత ఏముంది? సురేశ్ సారుకు అది బాగా తెలుసు. కర్రతో కొడితే అడిగేవాళ్లు ఉంటారని రబ్బరు పట్టుకున్నాడు.

ఇంకోటి కూడా ఇప్పుడే అర్థమైంది. పూజ పడుగు కోసిన రోజు సేటు చీర చూడటానికి వచ్చాడు. పిల్ల తల నిమిరి, "సారు జెప్పినట్టు ఇంటున్నవా బిడ్డా? కదలకుండ కూసుంటున్నవా?" అన్నాడు. అంత పెద్దమనిషి మా పిల్ల తల నిమిరాడని నేను మురిసిపోయాను. ఆయన గడప దాటగానే అది కత్తెర అందుకుంది. ఆయనకు తెలుసు మానసా. తెలిసే అడిగాడు. నా చేతులతో నేను దాన్ని కొట్టాను.

మీ బావకు చెప్పాను. "నూలు?" అన్నాడు. నేను లేచి వెళ్లి ఆసు మీద మిగిలిపోయిన సేటు నూలు మొత్తం తీసి మూట కట్టాను. అది వాకిట్లో ఉంది. ఆయన దాన్ని దాటుకొని లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు.

నేను ఊరుకోను. వచ్చి పూజను తీసుకొస్తాను. పెద్దమనుషుల ముందు నిలబెట్టి, ఆఫీసర్ల ముందు నిలబెట్టి, ఆ సారు ఏం చేశాడో దాని నోటితోనే చెప్పిస్తాను. శ్రీలత చూసింది కూడా రాసి సిద్ధంగా పెట్టమను.

అండాలు


మహబూబ్‌నగర్,
జూన్ 4, 2023

అక్కా,

నువ్వు ఊరుకోనని రాసిన మాట దగ్గర ఎంత సంతోషపడ్డానో, ఆ తర్వాతి మాట దగ్గర అంత భయపడ్డాను. పూజను పంపను. నువ్వొచ్చి వాకిట్లో కూర్చున్నా పంపను.

తప్పైందని చెప్పించడానికి అందరి ముందు నిలబెడతానన్నాడు సేటు. సాక్ష్యం చెప్పించడానికి అందరి ముందు నిలబెడతానంటున్నావు నువ్వు. నువ్వు ప్రేమతో అంటున్నావని నాకు తెలుసు. కాని రెండుసార్లూ నిలబడేది ఆ పిల్లే. ఎదురుగా సురేశ్ సారు ఉంటాడు, సేటు ఉంటాడు, ఊరంతా ఉంటుంది. నోరు పెగలకపోతే? అబద్ధమన్నారనుకో, మళ్లీ ఎవరినైనా నమ్ముతుందా?

శ్రీలత ఏమీ రాసివ్వదు. ఆ గదిలో ఆడింది పూజది. తనకు తానుగా ఎప్పుడైనా చెప్పాలనుకుంటే చెప్తుంది, ఆ రోజు ఎవరి ముందైనా సరే నేను దాని చేయి పట్టుకొని నిలబడతాను. మనకు అవసరం వచ్చిందని దాని చేత చెప్పించడానికి మాత్రం ఒప్పుకోను. చెప్పాల్సింది పెద్దవాళ్లం. గుర్తులు చూసింది నువ్వు, మల్లమ్మ వదినె, మీ వాడలో తల్లులు. మీకు నోళ్లు లేవా? భువనగిరిలో పిల్లల రక్షణ చూసే జిల్లా ఆఫీసుకు నా పేరు మీద ఫిర్యాదు పంపాను. వాళ్లు బడి తెరిచాక విచారణకు వస్తారు. మీరెవరూ రాకపోయినా నేను ఒక్కదాన్నే వచ్చి మాట్లాడతాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ.

పూజ ఇప్పుడు ఏం ఆడుతోందో నాకు తెలియదు. శ్రీలత చెప్పదు, నేను అడగను. కాని నిన్న తలుపు అవతలి నుంచి దాని గొంతు విన్నాను. అరుస్తోంది. ఎవరినో గద్దిస్తోంది, గోడలు అదిరేలా గద్దిస్తోంది. పక్కింటాయన వచ్చి ఏమైందమ్మా అని అడిగాడు. ఏమీ కాలేదు, మా పిల్ల ఆడుకుంటోందని చెప్పాను. వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకొని సంతోషంతో ఏడ్చాను.

మానస


పోచంపల్లి,
జూన్ 14, 2023

చెల్లె మానసకు,

ముందు అసలు సంగతి. పూజ ఆ బడికి పోదు. సర్కారు బడిలో పేరు రాయించాను. ఆ టీచరమ్మకు ముందే చెప్పాను, "మా పిల్ల కదుల్తది, ఊకె కదుల్తది" అని. "కదలని పిల్లలుంటరా?" అని ఆమె నవ్వింది. వచ్చే వారం నేనే వచ్చి తీసుకొస్తాను, శ్రీలత సరేనంటేనే. కాకపోతే ఇంకొన్నాళ్లు అక్కడే ఉంచు.

నీ ఉత్తరానికి జవాబు రాయలేదు, కోపంతోనే రాయలేదు. కన్నతల్లి నేనా నువ్వా అని మల్లమ్మ వదినె దగ్గర నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు వస్తానన్నావు గాని నేనే వద్దని కబురు చేశాను. పిల్ల దగ్గర నువ్వు ఉండటమే మంచిదనిపించింది.

నిన్న భువనగిరి నుంచి ఆఫీసర్లు వచ్చారు, ఒక మేడమ్, ఆమె వెంట ఒక సారు. బడి హాల్లో కూర్చోబెట్టారు. సేటు వాళ్లకు కుర్చీలు, బిస్కెట్లు, చల్లటి నీళ్లు అన్నీ సిద్ధం చేశాడు. మేము కింద కూర్చున్నాం. తల్లులు వస్తారో రారో అనుకున్నాను. మా వాడకట్టు మొత్తం వచ్చింది. రానిది మా అత్త ఒక్కతే, తాయెత్తు కట్టిస్తే ఇంత దూరం వచ్చేది కాదని ఆమె బాధ.

గుర్తులు చూశామని ఒక్కొక్కరం లేచి చెప్పాం. సురేశ్ సారు లేచాడు. "నేనొక్క దెబ్బ గుడ కొట్టలే మేడమ్. కదలకుండ కూసుంటే చదువొస్తదని..." అన్నాడు. సేటు అందుకున్నాడు, నవ్వుకుంటూ. "మెత్తటి రబ్బరు మేడమ్. మా ఊర్ల పుట్టిన పిల్లలకు రబ్బరు కొత్తనా? గాజులోలె ఏసుకుంటరు. గీ తల్లులే చెప్తరు, అడుగుండ్రి." మేడమ్ మా వైపు చూసింది. ఇన్నాళ్లూ మేం చెప్పుకున్న మాటే తీసి మా మీద వేశాడు చూడు.

నేను లేచాను. నా కొంగుకు ఎప్పుడూ నాలుగు పట్టీలు ఉంటాయి, నీకు తెలుసు కదా. విప్పి పట్టుకొని సేటు కుర్చీ ముందుకు పోయాను. "చేతులు చాపుండ్రి సేటూ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. "మెత్తటి రబ్బరే గద. గీ కుర్చీకి కడ్త. బెల్లు గొట్టేదాంక కూసోండ్రి. గంతే, ఇంకేం జెయ్య" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. రెండు చేతులూ తీసి వెనక్కి పెట్టుకున్నాడు మానసా. అంత మనిషి, ఊరికంతా నూలు పంచే మనిషి, నా చేతిలో ఉన్న రబ్బరు చూసి చేతులు దాచుకున్నాడు. "చాపుండ్రి, గాజులే గద" అని వెనక నుంచి మల్లమ్మ వదినె గట్టిగా అంది. తల్లులందరూ అదే అనడం మొదలుపెట్టారు. మేడమ్ రాయడం ఆపి ఆయన చేతుల వైపు చూస్తోంది.

ఆయన అప్పుడు మీ బావను పట్టుకున్నాడు. "వెంకటనర్సూ, నీ పెండ్లాన్ని కూసోమను. రేపు మగ్గం మీద ఏమెక్కిస్తవో జర సోంచాయించు" అన్నాడు. మీ బావ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన సంగతి నీకు తెలుసు, సేటు ముందు ఎన్నడూ గొంతు లేపని మనిషి. "నీ నూలు మూట గట్టి నీ అరుగు మీద పెట్టొచ్చిన సేటూ. పిల్ల నాది" అన్నాడు. వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

సురేశ్ సారును బడికి రాకుండా ఆపేశారు. విచారణ ఇంకా ఉందట, సేటు మీద కూడా. పెద్దమనుషుల సంగతి, ఎటు తిరుగుతుందో తెలియదు. సేటు బెదిరిస్తే నూలు తీసుకొనే ఇండ్లు రెండు మూడు వెనక్కి తగ్గుతాయేమో, వాళ్లను నేను తప్పుపట్టను. మా మగ్గం ఖాళీగానే ఉంది. చౌటుప్పల్ వైపు ఇంకో ఆయన నూలు ఇస్తానన్నాడని బావ పొద్దున పోయాడు. ఇవ్వకపోతే కూలికి పోతాం, మల్లమ్మ వదినె నా కన్నా ముందే ఆ మాట అంది.

ఇది చెప్పాలనే ఇంత రాశాను. అంతా అయిపోయాక మేడమ్ ఫైలు మూసి, "ఇంతకీ ఆ సారును కొరికిన పాప ఏదమ్మా? పిలిపించండి, ఒకసారి ఆ పాప నోటితో కూడా వింటాం" అంది. మంచి మనిషే, మెత్తగానే అడిగింది. హాలంతా నా వైపు తిరిగింది. పోయిన వారం వరకు నేను కోరుకున్నది అదే కదా. ఆ క్షణాన నీ మీద కోపం ఎటు పోయిందో తెలియదు. నేను లేచి నిలబడి కొంగు నడుముకు చుట్టుకున్నాను.

"రాదు మేడమ్" అన్నాను. "అడిగేదేమన్న ఉంటే మమ్ముల అడుగుండ్రి, రాత్రి దాంక చెప్తం. మా పిల్ల ఆడుకుంటాంది."

నీ అక్క,
అండాలు